గోడ మీద, గట్టు కింద: పాములూ కప్పలూ బల్లుల గురించి మీరడిగినవి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం వానలు తెచ్చిన ఉత్తరాలే. విజయనగరంలో జువాలజీ పాఠాలు చెప్పినన్నాళ్లూ అంతే. తొలకరి పడగానే పిల్లలు సీసాల్లో ఏదో ఒకటి పట్టుకొచ్చి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడేవాళ్లు. "ఎక్కడ దొరికిందో అక్కడే వదిలి రా, ఆ తర్వాత పేరు చెప్తాను" అనేదాన్ని. ఇప్పుడు సీసాల బదులు ఫోన్లో ఫొటోలు వస్తున్నాయి, అదో సుఖం. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ ఊళ్లే వేస్తున్నాను.

అనకాపల్లి నుంచి ఒక గృహిణి: మేడమ్, మా సంపు లోపలి గోడకి, నీళ్లకి జానెడు పైన, తెల్లటి నురగ ముద్ద అంటుకుని ఉంది. సబ్బు నురగేమో అనుకున్నాం. రెండు రోజులైనా పోలేదు సరికదా పైన పెచ్చు కట్టింది. ఏదైనా పురుగు గూడా? బ్లీచింగ్ వెయ్యమంటారా?

జవాబు: ఆ బ్లీచింగ్ డబ్బా పక్కన పెట్టండమ్మా. అది చెట్టుకప్ప గూడు. లోపల వందల్లో గుడ్లుంటాయి. మీ బాత్రూమ్ గోడకి పగలంతా అతుక్కుని నిద్రపోయే గోధుమరంగు కప్ప ఒకటి ఉండే ఉంటుంది, చూడండి. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటాయి. కాళ్లు చాపినప్పుడు తొడల వెనక పసుపు చుక్కలు కనిపిస్తాయి. ఆ కప్పే ఇది కట్టింది.

నేనోసారి టార్చికి ఎర్ర కాగితం చుట్టి దగ్గర్నుంచి చూశాను. ఆడకప్ప నీళ్ల పైన గోడ పట్టుకుని కూర్చుంటుంది, వీపు మీద మగది. ఆడది ఒక జిగురు ద్రవం వదిలి, వెనక కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తూ, కేకు కోసం గుడ్డు తెల్లసొన గిలకొట్టినట్టు గిలకొడుతుంది. కాస్త ఆగుతుంది, గుడ్లు వదులుతుంది, మళ్లీ గిలకొడుతుంది. తెల్లారేసరికి పైన పొర ఎండుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. గుడ్లు నీళ్లలో పెడితే చేపలు తింటాయి, తూనీగ పిల్లలు తింటాయి, వేరే కప్పల తోకపిల్లలూ తింటాయి. గోడ మీదైతే ఆ బాధ లేదు. కొద్ది రోజులకి నురగ అడుగు మెత్తబడి, తోకపిల్లలు ఒక్కొక్కటే నీళ్లలోకి జారతాయి.

మీకు సంపులో అవి వద్దు, నాకర్థమైంది. ఒక బకెట్‌లో వాన నీళ్లు పట్టి నీడలో పెట్టండి, పైన అడ్డంగా ఒక పుల్ల. పల్చటి అట్టతో ముద్దని చెదరకుండా గోడ నుంచి వేరు చేసి ఆ పుల్ల మీద పెట్టండి. నాలుగు ఎండుటాకులు కూడా వెయ్యండి, పిల్లలకి తిండి దొరుకుతుంది. కుళాయి నీళ్లు మాత్రం వద్దు, అందులో క్లోరిన్ ఉంటుంది. సంపు మూతకి దోమల జాలీ కొట్టిస్తే వచ్చే ఏడు ఈ ఉత్తరం రాయక్కర్లేదు.

రాజమహేంద్రవరం నుంచి ఒక తాతగారు: స్నానాల గదిలో తూము దగ్గర నల్లగా, వానపాములా ఉన్న చిన్న పాము తరచూ వస్తోంది. చెవిలో దూరుతుందని అంటారు. మనవలు నేల మీద పడుకోవడానికి భయపడుతున్నారు.

జవాబు: తాతగారూ, దానికి మీ మనవల చెవులతో పనిలేదు. దానికి కావలసింది చీమల గుడ్లు, చెదల గుడ్లు. గుడ్డిపాము అంటారు దాన్ని. కళ్లున్న చోట పొలుసుల కింద రెండు చుక్కలు మాత్రం ఉంటాయి, వెలుగుందో లేదో తెలుస్తుంది, అంతే. నోరు ఎంత చిన్నదంటే మిమ్మల్ని కరవాలన్నా కరవలేదు. పట్టుకుంటే తోక చివరున్న చిన్న ముల్లుతో గుచ్చుతుంది, దాన్నే కాటు అనుకుంటారు.

ఇంత చిన్న ప్రాణికి ఇంత విచిత్రమైన కథ ఇంకెక్కడా లేదు. ఈ జాతిలో ఇంతవరకూ మగపాము దొరకలేదు. అన్నీ ఆడవే. మగతోడు లేకుండా గుడ్లు పెడుతుంది, పుట్టేవన్నీ మళ్లీ ఆడపిల్లలే. అందుకే పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, కొత్త దేశంలో కాపురం మొదలవుతుంది. హవాయి, ఫ్లోరిడా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా అన్నీ అలాగే చుట్టేసింది. ఇంత తిరిగినా శాస్త్రగ్రంథాల్లో దాని సొంతూరు విశాఖపట్నమే! ఈస్టిండియా కంపెనీ కాలంలో విశాఖలో ఉన్న డాక్టర్ పాట్రిక్ రసెల్ మన కోస్తా పాములకి బొమ్మలు గీయించి 1796లో లండన్‌లో పుస్తకం వేశాడు. 1803లో ఫ్రాన్స్‌లో ఈ పాముకి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు దొరికిన చోటుగా రాసుకున్నది ఈ ఊరినే. రక్తపింజర శాస్త్రీయ నామంలో ఉన్న రసెల్ కూడా ఈయనే.

తూముకి జాలీ పెట్టించండి. కనిపించినప్పుడు చీపురుతో చేటలోకి తీసి కుండీలో వెయ్యండి. చెదలు తింటానంటున్నదాన్ని చంపడం ఎందుకు?

డాలస్ నుంచి ఒక అమ్మ: మా అబ్బాయి పట్టుబట్టి లెపర్డ్ గెకో తెచ్చుకున్నాడు. వచ్చే నెల మా అత్తగారు ఆరు నెలలకి వస్తున్నారు. బల్లి ఉన్న ఇంట్లో అన్నం తిననంటున్నారు! ఏం చెప్పను?

జవాబు: తల్లీ, ముందు అత్తగారికి ఒక్క మాట చెప్పు. ఇది గోడ ఎక్కే బల్లి కాదు, ఎక్కాలన్నా ఎక్కలేదు. మనింటి బల్లి వేళ్ల కింద కంటికి కనపడని వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి, వాటితో అద్దం మీద కూడా నడుస్తుంది. దీనికి అవి లేవు, గోళ్లున్నాయి. కాబట్టి పైనుంచి పప్పుగిన్నెలో పడే ప్రశ్న లేదు. పైగా దీనికి కనురెప్పలున్నాయి. నిద్రపోతే కళ్లు మూసుకుంటుంది. మనింటి బల్లి పాపం నాలుకతో కళ్లు తుడుచుకుంటూ రాత్రంతా అలా చూస్తూనే ఉంటుంది.

ఇక అబ్బాయికి. పెట్టెలో ఒక వైపు వెచ్చగా, 32 డిగ్రీల దగ్గర, రెండో వైపు చల్లగా ఉండాలి. ఎటు కావాలంటే అటు అదే వెళ్తుంది. రెండు వైపులా దాక్కునే చోటు, ఒక చోట తడి నాచు, తేలిగ్గా కుబుసం విడవడానికి. కీచురాళ్లకి కాల్షియం పొడి అద్ది పెట్టాలి. అది మానేస్తే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు తిరుగుతాయి. తోక లావుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, కొవ్వంతా అక్కడే దాచుకుంటుంది. తోక పట్టుకుని ఎత్తితే ఊడిపోతుంది, మళ్లీ వస్తుంది గానీ మొదటంత అందంగా ఉండదు. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతుకుతుంది. అంటే వాడు కాలేజీకి వెళ్లాక కీచురాళ్లు కొనాల్సింది నువ్వే. ఈ మాట కొనకముందు అడిగుంటే బాగుండేది.

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వీటి ఒంటి మీద ఉంటుంది. దానికేమీ కాదు, మనకి విరేచనాలు పట్టుకుంటాయి. పెద్దవాళ్లకీ ఐదేళ్ల లోపు పిల్లలకీ మరీ ప్రమాదం. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకండి. ఈ ఒక్క విషయంలో మీ అత్తగారి పక్షమే నేను.

ఆవిడకి ఇంకా నమ్మకం కుదరకపోతే, మన తూర్పు కనుమల్లో దీని చుట్టం ఒకటి ఉందని చెప్పు. బొత్తిగా పరాయిది కాదు.

అవనిగడ్డ దగ్గర్నుంచి ఒక కౌలు రైతు: అమ్మగారూ, మా పిన్ని వేడికి తాళలేక వరండాలో చాప వేసుకుని పడుకుంది. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచింది. గ్యాసేమోనని సోడా తాగించాం. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. ఆస్పత్రిలో కట్లపాము కాటన్నారు. వెంటిలేటర్ మీద పెట్టి బతికించారు. ఒంటి మీద కాటు గుర్తే లేదు. మంట లేదు, వాపు లేదు. అలా ఎలా జరుగుతుంది? ఊళ్లో కొందరు ముందే మంత్రం పెట్టిస్తే ఇంతదాకా వచ్చేది కాదంటున్నారు.

జవాబు: మీ పిన్నిగారు బతికారు, అది చాలా మంచి కబురు. ఆమెని పరీక్షించిన డాక్టరు కడుపునొప్పి, వాలిన రెప్పలు కలిపి చూసి పాముకాటని గుర్తుపట్టారే, వారికి నా తరఫున నమస్కారం చెప్పండి.

కట్లపాము పని ఇలాగే ఉంటుంది. పగలు ఇటుకల కిందా ఎలుక బొరియల్లోనూ ముడుచుకుని, బాదినా కదలనంత మందంగా పడి ఉంటుంది. రాత్రయితే వేరే ప్రాణి. ఇళ్లల్లోకి వచ్చి బల్లుల్నీ ఎలుకల్నీ చిన్న పాముల్నీ వెతుక్కుంటుంది. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో చెయ్యి కదిపితే కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి, అందుకే దోమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. దాని విషం నరం కొసన, కండకి ఆజ్ఞ అందే చోట, పనిచేస్తుంది. మొదట రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, ఆఖరికి ఊపిరి తీసే కండరాలు ఆగుతాయి. కడుపునొప్పి చాలామందిలో అన్నిటికన్నా ముందొస్తుంది. అందుకని వానాకాలంలో, నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తే సోడా కాదు, ఆస్పత్రి. కాటు కనిపించలేదని ఆగొద్దు.

తొందర ఎందుకంటే, పాముకాటు మందు ఒంట్లో తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. అప్పటికే నరం కొస దెబ్బతింటే దాన్ని వెనక్కి తేలేదు. అది తనంతట తాను కోలుకునేదాకా వెంటిలేటరే ఊపిరి. మీ పిన్నిగారికి జరిగింది అదే.

ఇక మంత్రం. మన దగ్గర కాటేసే పాముల్లో చాలావరకు విషం లేనివే. విషమున్నవి కరిచినప్పుడు కూడా అన్నిసార్లూ విషం దింపవు. నీరుకట్టె కరిచినవాడికి మంత్రం పెట్టినా బతుకుతాడు, పెట్టకపోయినా బతుకుతాడు. పేరు మాత్రం మంత్రగాడిది. ఆ పేరు నమ్ముకుని కట్లపాము కరిచినవాణ్ణి అక్కడ రెండు గంటలు కూర్చోబెడితే ఏమవుతుందో మీరే ఊహించండి. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మంది పోయిన ఎనిమిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీళ్లలో ఎక్కువ మంది పల్లెల్లోనే, ఆస్పత్రి దాకా రాకుండానే.

కరిస్తే చెయ్యాల్సింది చెప్తాను, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మనిషిని పరిగెత్తించొద్దు. కరిచిన కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు కర్ర ఆనించి, వదులుగా గుడ్డ చుట్టి, కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యండి, వాపొస్తే అవే వేలిని కోస్తాయి. తాడుతో బిగించొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పొయ్యొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. అది ఆలస్యమయ్యేలా ఉంటే బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఒకరు పట్టుకుని వెళ్లండి. ఎన్నింటికి కరిచిందో, రెప్పలు ఎప్పుడు వాలాయో గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి.

పాముని చంపి సంచిలో వేసుకు వెళ్లక్కర్లేదు. ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తిన్న సందర్భాలు నాకు తెలుసు. మన దగ్గర దొరికే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే. రక్తపింజర అనుమానమైతే డాక్టర్లు గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషమే. ఇంకోటి, పసివాడికి కూడా పెద్దవాళ్లకిచ్చినంత మందే ఇస్తారు. పాము చిన్నపిల్లాడని విషం తగ్గించి దింపదు కదా. అది చూసి గాభరాపడి గొడవ చెయ్యకండి.

ఆ మందు ఎలా వస్తుందో కూడా కాస్త చెప్పనివ్వండి. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో ఇరుల తెగవాళ్ల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టుకున్నారు. ఒకప్పుడు పాముతోళ్ల వ్యాపారానికి పాముల్ని పట్టినవాళ్లే వీళ్లు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ వ్యాపారం ఆగిపోతే, పాముల నిపుణుడు రాములస్ విటేకర్ లాంటివాళ్లు తోడు నిలిచి ఈ దారి వేశారు. పాముని పట్టుకొస్తారు, కొన్నాళ్లు ఉంచి విషం తీస్తారు, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకెక్కించి, వాటి రక్తంలోంచి మందు తీస్తారు. ఆ తెగకే చెందిన మాసి సడయాన్, వడివేల్ గోపాల్ గార్లకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బడికెళ్లకుండా నేర్చిన విద్యకి అంత గౌరవం దక్కడం చూసి నాకు నిజంగా సంబరమేసింది. ఇందులో ఒక చిక్కుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తమిళనాడు పాము విషంతో చేసిన మందు రాజస్థాన్ పాము కాటుకి అంత బాగా పనిచెయ్యకపోవచ్చు. బెంగళూరు ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థలో) కార్తీక్ సునగర్ బృందం దీని మీదే పనిచేస్తోంది.

చివరగా, ఒక దోమతెర కొనండి. దాని అంచులు చాప కిందికి దోపి పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు. నులక మంచమైనా సరే, నేల మీద పడుకోవడం కన్నా మేలే.

శ్రీకాకుళం నుంచి ఒక వ్యాపారి: శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లని చూశాం. ఇంట్లో ఉంటే ఐశ్వర్యమంటారు. తెలిసినాయన జత తెచ్చిస్తానంటున్నాడు. ఎంతకి తీసుకుంటే సబబు?

జవాబు: సబబు ధర మూడు నుంచి ఏడేళ్ల జైలు, పైన పాతిక వేలకి తగ్గని జరిమానా. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నక్షత్ర తాబేలు ఇప్పుడు మొదటి షెడ్యూల్లో, అంటే పులి పక్కన ఉంది. 2019 నుంచి దేశాల మధ్య దీని వ్యాపారం కూడా బంద్. గుడిలో ఉన్నాయి కదా అని మనింట్లో పెట్టుకునే హక్కు రాదు.

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, ఐశ్వర్యం వచ్చిందో లేదో గానీ ఇళ్లల్లో ఉన్న తాబేళ్ల గతి నేను చూశాను. అన్నం మెతుకులు, టమాటా, క్యాబేజీ పెడతారు. ఎండ తగలదు. డిప్ప మీద పలకలు ఉండాల్సినదానికన్నా ఎత్తుగా గుట్టలు గుట్టలుగా లేస్తాయి, కింద ఎముక మెత్తబడుతుంది. రాయలసీమ బీళ్లలో అది గడ్డి, రాలిన పూలు, నాగజెముడు మట్టలు తిని బతికే జీవి. నల్లటి డిప్ప మీద ఆ పసుపు చారలు మీ షోకేసులో మెరుస్తాయేమో గానీ, ఎండుగడ్డిలో అడుగు దూరంలో ఉన్నా కనపడదు. దానికోసమే ఆ చారలు. గుమ్మటంలాంటి ఆ డిప్ప వల్ల ఇంకో లాభం కూడా ఉంది. వెల్లకిలా పడినా దొర్లి మళ్లీ కాళ్ల మీదికి వచ్చేస్తుంది. ఎటు పడేసినా ఒకే పక్కకి లేచి నిలబడే ఆకారం కోసం లెక్కలు కట్టిన ఇద్దరు హంగరీ గణితజ్ఞులు, దానికి చాలా దగ్గరగా ఉన్న ప్రాణిగా దీన్నే చూపించారు.

ఎవరింట్లోనైనా ఇప్పటికే ఉంటే దగ్గర్లోని అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అప్పగించండి. రాత్రికి రాత్రి ఏ కొండ పక్కనో వదిలేసి రావద్దు. ఇంట్లో అంటిన జబ్బు అడవి తాబేళ్లకి అంటుకుంటుంది, వేరే ప్రాంతపు సంతతి ఇక్కడిదాంతో కలిసిపోతుంది. ఆక్వేరియం షాపుల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలుకీ ఇదే వర్తిస్తుంది. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొంటారు, పళ్లెమంత అయ్యాక చెరువులో వేస్తారు. అది అమెరికా నుంచి వచ్చింది, మన చెరువుల్లోని తాబేళ్ల తిండీ చోటూ లాగేసుకుంటుంది.

మాడుగుల నుంచి ఒక జీడితోట రైతు: మా తోట చివర గిరినాగు ఎండుటాకులు కుప్పేసుకుని పైన కూర్చుంది. కూలీలు రావడం మానేశారు. కుప్ప తగలబెట్టమంటున్నారు.

జవాబు: బాబూ, తగలబెట్టకు. మీ తోటకి ఎవరొచ్చారో తెలుసా? ఆకులతో గూడు కట్టుకునే పాము ప్రపంచంలో ఇదొక్కటే. చేతుల్లేవు కదా, ఒంటిని వంకీలా వంచి ఆకుల్ని ఈడ్చుకొస్తుంది. మధ్యలో గుడ్లు, పైన తను. గుడ్లు పిగిలేదాకా దాదాపు రెండున్నర నెలలు పట్టొచ్చు. చాలావరకు పిల్లలు బయటికి రాకముందే తల్లి వెళ్లిపోతుంది. అది తినేది మిగతా పాముల్ని. ఆ కాసిన్ని రోజులూ ఆ మూలకి ఎవర్నీ వెళ్లనివ్వకండి, తాడు కట్టి ఎర్ర గుడ్డ వేలాడదీయండి, అటవీశాఖకి కబురు పెట్టండి. మీ జిల్లాలో గిరినాగుల సంగతి తెలిసిన కార్యకర్తలు ఉన్నారు, వాళ్లని పంపమని అడగండి.

భయపడొద్దని మాత్రం చెప్పను. ఇంతకుముందు చెప్పిన నాలుగు పాముల మందు దీనికి పనిచెయ్యదు. కానీ గూటి దగ్గరికి వెళ్లనివాడి మీదికి అది రాదు. 2024లో శాస్త్రవేత్తలు గిరినాగు ఒకే జాతి కాదని తేల్చి నాలుగుగా విడగొట్టారు. పడమటి కనుమలది వేరు, మనది వేరు.

వరంగల్ నుంచి ఒక అమ్మమ్మ: మా చిన్నప్పుడు తొలివానకి పసుపుపచ్చ బోదురుకప్పలు గుంపులుగా అరిచేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పిల్లలతో కప్పతల్లి ఆట ఆడిద్దామన్నా కప్ప దొరకడం లేదు.

జవాబు: అమ్మా, మీరు చూసిన పసుపు మగకప్పలది. మామూలప్పుడు పాకుడు రంగులో ఉంటుంది. తొలివాన పడ్డాక ఆ కాసిన్ని రోజులే పెళ్లికొడుకులా పసుపెక్కి, గొంతు రెండు పక్కలా నీలం బుడగలు ఉబ్బించి అరుస్తుంది. మీ చిన్నప్పటి కప్పల కాళ్లు సముద్రాలు దాటి యూరప్, అమెరికా హోటళ్లకి వెళ్లాయి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపింది. ఆపాకా కోలుకోనివ్వలేదు మనం, పొలంలో పురుగుమందు పెరిగింది, వాన నీళ్లు నిలిచే గుంటలు పూడ్చి ప్లాట్లు వేశాం. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది కాబట్టి నీళ్లలో ఏది కలిస్తే అది నేరుగా దాని ఒంట్లోకే. మీ పెరట్లో మందు కొట్టని చిన్న గుంట ఒకటి ఉంచండి, దగ్గర్లో మిగిలి ఉంటే అవే వస్తాయి. కప్పతల్లి ఆటకి రోకలికి మట్టి కప్పని కట్టండి. పాట మీకొచ్చు, కప్ప సుఖపడుతుంది.

కరీంనగర్ నుంచి: రెండు తలల పాము రెండు కిలోలు దాటితే కోటి ఇస్తామని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

జవాబు: బియ్యాన్ని లాక్కుంటుందని నమ్మించి రైస్ పుల్లింగ్ చెంబు అమ్మిన మోసగాళ్లే ఇది కూడా కొంటామంటారు. రెండో తల తోకే. మొద్దుగా ఉంటుంది, భయమేస్తే తల చుట్టలో దాచుకుని తోక చూపిస్తుంది. ఎలుకలు తిని రైతుకి మేలు చేసే పాము. అడ్వాన్స్ పోతుంది, కేసు మిగులుతుంది.

తెనాలి నుంచి: పసరిక పాము నడినెత్తిన పొడిచి కళ్లు పోగొడుతుందా?

జవాబు: లేదు. చెట్టు కొమ్మ మీద మీ మొహం ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ కథ పుట్టింది. విషం కొద్దిగా ఉంటుంది, బల్లులకి సరిపోయేంత. దూరం నుంచి దాని కన్ను చూడండి, అడ్డంగా తాళపు చెవి రంధ్రంలా ఉంటుంది.

గుంటూరు నుంచి: ఎడమ భుజం మీద బల్లి పడింది. ఫలితం?

జవాబు: బల్లికి గాభరా. మీరు స్నానం చెయ్యండి.

అనంతపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: మేడమ్, నాకు పాములంటే ఇష్టం. పాములు పట్టడం నేర్పే కోర్సు ఎక్కడుంది? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు, మీరు చెప్తే వింటారు.

జవాబు: తల్లీ, మీ ఇంట్లోవాళ్ల వైపు నుంచి మొదలుపెడతాను. పాముని పట్టడం ఒకటి, పాముల గురించి చదవడం ఒకటి. యూట్యూబ్‌లో పడగ ముద్దు పెట్టుకునేవాళ్లని చూసి ఈ చదువు అదేననుకోకు. నిజంగా చదివినవాళ్లు వీలైనంత తక్కువ ముట్టుకుంటారు. పట్టాలంటే అటవీశాఖ నుంచి రాతపూర్వక అనుమతి కూడా కావాలి.

చదువుకైతే దారులున్నాయి. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, రెండు చోట్లా వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. సీట్లు తక్కువ, ప్రవేశపరీక్ష గట్టిది. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే కేంద్రం, సీసీఎంబీ అనే జీవశాస్త్ర సంస్థ వాళ్ల వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఉన్నాయి. 1976లో మొదలైన మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్‌లో వాలంటీర్లని తీసుకుంటుంటారు, సెలవుల్లో ప్రయత్నించు.

కానీ అప్పటిదాకా ఆగడమెందుకు? మీ ఊరి బయట బండరాళ్ల గుట్టకి వెళ్లు. ఎండెక్కాక బండ కొసన కొండతొండ మగది కూర్చుంటుంది. జతకట్టే కాలంలో వీపు ఎర్రగా, పక్కలు నల్లగా ఉంటాయి. ఇంకో మగది వచ్చిందా, ముందు కాళ్ల మీద లేచి పడుతూ బస్కీలు తీస్తుంది, నీ కళ్ల ముందే రంగు మారుతుంది. ఐఐఎస్‌సీలో మరియా ఠాకర్ బృందం ఈ తొండల మీదే ఏళ్లుగా పరిశోధన చేస్తోంది, నగరంలో ఉన్న తొండ ఎలా ఉంటుంది, పల్లెలో ఉన్నది ఎలా ఉంటుందని. నువ్వు ఒక నోట్‌బుక్, ఒక వాచీ, టోపీ పట్టుకెళ్లు. ఒకే తొండని గంటసేపు చూసి, ఏం చేసిందో నిమిషం నిమిషం రాయి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాసింది నాకు పంపు, తప్పకుండా చదువుతాను. తిరుమల వెళ్లినప్పుడు శేషాచలం బండల్లో బంగారు బల్లి కోసం కూడా చూడు. రాతి పగుళ్లలో చాలా ఆడబల్లులు ఒకే చోట గుడ్లు అతికిస్తాయి. చీకటి పడ్డాక బాగా అరుస్తుంది. ఫ్లాష్ వెయ్యకుండా చూడు.

నల్గొండ నుంచి: ఫొటో పంపితే పేరు చెప్తారా? పొడవు తెలియడానికి పక్కన అగ్గిపెట్టె పెట్టమంటారా?

జవాబు: చెప్తాను. అగ్గిపెట్టె వద్దు బాబూ, అది పెట్టడానికి దగ్గరికి వెళ్తారు. ఇద్దరు మనుషుల పొడవంత దూరంలో ఆగి జూమ్ చెయ్యండి. వీపు మొత్తం ఒకటి, తల పక్కనుంచి ఒకటి చాలు. కట్లపాము అనుమానమైతే చారలు మెడ దగ్గర్నుంచే ఉన్నాయా, కాస్త వెనక నుంచి మొదలయ్యాయా అన్నది కనిపించాలి. కట్లపాములా కనిపించే, విషం లేని తోడేలు పాముకి మెడ దగ్గరే వెడల్పుగా మొదలై తోకకి వెళ్లేసరికి మసకబారతాయి, కట్లపాముకి సాధారణంగా వెనక్కి వెళ్లేకొద్దీ స్పష్టమవుతాయి. ఊరు, తేదీ, పగలా రాత్రా అని రాయండి. చచ్చినవాటి ఫొటోలు పంపినా పేరు చెప్తాను, ఎందుకు చంపారని కూడా అడుగుతాను.